కాశ్యపుడు తిరిగిపోయిన దారి

అశోక్‌నగర్‌లో నీతికి కోచింగ్ ఇస్తారు. వెటకారం కాదు, నిజంగానే. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి జనరల్ స్టడీస్ నాలుగో పేపరు మొత్తం నైతికతకే ఇచ్చారు, 250 మార్కులు. అప్పట్నుంచీ ఆ సందుల్లోని జిరాక్సు షాపుల్లో ధర్మసంకటాలు స్పైరల్ బైండింగుతో అమ్ముడుపోతున్నాయి. నేను పేపర్లు తిరగేయడానికి వెళ్ళే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ కూడా ఈ కోచింగ్ పిల్లలదే. ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్ళో అట్ట, పక్కన నీళ్ళ సీసా. వాళ్ళలో ఖమ్మం వైపు కుర్రాడొకడు, నేను తెలుగు లెక్చరర్‌గా రిటైరయ్యానని ఎవరు చెప్పారో గానీ, అప్పుడప్పుడు తన జవాబులు తెచ్చి చూపిస్తుంటాడు.

ఆ రోజు తెచ్చిన ప్రశ్న ఇది. మీరు జిల్లా ఆస్పత్రి సూపరింటెండెంటు. ఐసియూలో వెంటిలేటర్ మీద ఉన్న 80 ఏళ్ళ పెద్దాయన 48 గంటలకి మించి బతకడని కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ చెబుతోంది. బయట ఇంకో రోగి వెంటిలేటర్ కోసం ఎదురుచూస్తున్నాడు. పెద్దాయన కుటుంబం ఒప్పుకోవడం లేదు. ఏం చేస్తారు?

కుర్రాడు పద్ధతిగా రాశాడు. సంబంధమున్నవాళ్ళు ఎవరెవరు, ఉన్న దారులు మూడు, ఒక్కో దారికి మంచీ చెడూ, ఆఖర్న మధ్యేమార్గం. దస్తూరి కూడా ముత్యాల్లా ఉంది.

"పెద్దాయనని ఎవరైనా అడిగారా?" అన్నాను.

"ఆయన స్పృహలో లేడు సార్."

"అంతకుముందు?"

వాడు కాగితం తిప్పి ప్రశ్న మళ్ళీ చదువుకున్నాడు. "అంతకుముందు సంగతి ప్రశ్నలో ఇవ్వలేదు సార్" అన్నాడు.

వాడి తప్పేం లేదు. ఐసియూ తలుపు దగ్గర నిలబడ్డ మన ఇళ్ళల్లోనూ ఆ సంగతి ఎవరూ ఇచ్చి ఉండరు.

అంతకుముందే నోరు తెరిచి చెప్పుకున్నవాడు ఒకడు ఈ ఊళ్ళోనే ఉండేవాడు. కె. వెంకటేశ్, చదరంగం ఆటగాడు. డుషేన్ మస్కులర్ డిస్ట్రఫీ అనే జబ్బు. ఒంట్లో కండరాలు ఒకదాని తర్వాత ఒకటి చచ్చుబడుతూ చివరికి ఊపిరి తీసే కండరాల దాకా వస్తుంది. 25 ఏళ్ళకి అతను వెంటిలేటర్ మీద ఉన్నాడు. నేను పోవడం ఖాయం, ఒంట్లో పనికొచ్చేవి పాడైపోకముందే తీసి ఎవరికైనా ఇవ్వండి అన్నాడు. 2004 డిసెంబరులో తల్లి సుజాత గారు ఆ కోరిక పట్టుకుని హైకోర్టుకి వెళ్ళారు. అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్ అని తేలకుండా తీయడం కుదరదని కోర్టు కాదంది. డిసెంబరు 17న వెంకటేశ్ పోయాడు. కళ్ళు మాత్రం ఇవ్వగలిగారు. 2022లో రేవతి దర్శకత్వంలో కాజోల్ తల్లిగా వేసిన 'సలాం వెంకీ' అనే హిందీ సినిమా ఆ తల్లీకొడుకుల కథే.

కోర్టు తప్పు చేసిందని నేననను. బతికున్నవాడి అవయవాలు తీయొచ్చని ఒకసారి తలుపు తెరిస్తే ఆ తలుపులోంచి ఎవరెవరు దూరతారో ఊహించుకుంటే భయమేస్తుంది. నేను చెప్పదలచుకున్నది వేరు. వెంకటేశ్ విషయంలో ఏం జరగబోతోందో తెలియనివాళ్ళు ఎవరూ లేరు. డాక్టర్లకి తెలుసు, తల్లికి తెలుసు, అందరికంటే ముందు అతనికి తెలుసు. ఏ యంత్రమూ వచ్చి కొత్తగా చెప్పగలిగింది లేదు. అక్కడ కరువైంది జోస్యం కాదు. తెలిసినదాన్ని నెత్తినేసుకునే మనిషికీ, అందుకు వీలిచ్చే చట్టానికీ కరువు.

ఆ చట్టం నత్తనడకన వచ్చింది. 2011లో అరుణా శాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు మొదటిసారి, కోలుకోలేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపడానికి దారి చూపించింది. 2018 మార్చి 9న అయిదుగురు జడ్జీల ధర్మాసనం గౌరవంగా చనిపోయే హక్కుని ఒప్పుకుని, ముందుగానే రాసిపెట్టుకునే లివింగ్ విల్లుకి చోటిచ్చింది. కానీ దానికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. కోర్టుకెళ్ళి చావు కాగితం మీద సంతకం పెట్టించుకునే ఓపిక ఎవరికుంది? ఆ ముడి 2023 జనవరిలో సడలింది.

ఇక మా ఇంటి సంగతి.

మా పెద్దమ్మది కాచిగూడ. స్టేషనుకి దగ్గర్లో, గోడ గడియారం ఆగిపోయినా రైళ్ళని బట్టి టైము చెప్పుకునే ఇల్లు. ఎనభై దాటాక నిమోనియా వచ్చింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు, మర్నాటికి ఐసియూ, ఆ పైన వెంటిలేటర్. చూసుకునేది అక్క, అంటే పెద్దమ్మ కూతురు. ఆవిడ భర్త, మా బావ, జీవితమంతా లెక్కల మాస్టారు. అన్నయ్య న్యూజెర్సీలో.

మూడో పూట డ్యూటీ డాక్టరు, మా మనవరాలి వయసుంటుందేమో, బయటికొచ్చి "సోఫా స్కోరు పెరుగుతోందండీ" అంది. బావ వెంటనే, "ఎంతకి ఎంతమ్మా?" అన్నాడు.

"ఇరవై నాలుగుకి పదమూడు అంకుల్."

బావ మొహం కాస్త తేటపడింది. సగం దాటింది కదా. ఆ అమ్మాయి చాలా నెమ్మదిగా చెప్పింది. "ఇందులో మార్కులు ఎక్కువ రాకూడదు అంకుల్."

ఈ సోఫా కృత్రిమ మేధ కాదు. 1990ల నాటి లెక్క. ఊపిరితిత్తులు, గుండె, కాలేయం, కిడ్నీలు, మెదడు, రక్తం గడ్డకట్టే తీరు, ఈ ఆరింటికీ సున్నా నుంచి నాలుగు దాకా వేసి కూడతారు. చేత్తో వేసుకోవచ్చు. అంటే చావుకి మార్కులు వేయడం నిన్న మొన్నటి పని కాదన్నమాట. కొత్త యంత్రాలు ఆరు విషయాల బదులు వేల విషయాలు చూస్తాయి, క్షణక్షణం చూస్తాయి, ఎందుకలా అన్నాయో మాత్రం చాలాసార్లు విడమరిచి చెప్పలేవు. ఆ అమ్మాయిని బావ 'ఎందుకు పెరిగిందమ్మా?' అని అడిగాడు. కిడ్నీలు మందగించాయనీ, బీపీ నిలబెట్టడానికి మందు డోసు పెంచాల్సి వచ్చిందనీ చెప్పింది. అడిగితే చెప్పే మనిషి ఎదురుగా ఉంది.

అక్క ఐసియూ బయట ఇనుప కుర్చీలో కూర్చుని ఒళ్ళో పాలిథిన్ కవరు పట్టుకుంది. అందులో పెద్దమ్మ గాజులు, కళ్ళజోడు, పళ్ళసెట్టు. అవి అప్పజెప్పినందుకు ఒక సంతకం పెట్టించుకున్నారు. రక్తం ఎక్కించడానికి ఒకటి, మెడ దగ్గర గొట్టం వేయడానికి ఒకటి, ఫలానా ఇంజక్షను ఖరీదు ఎక్కువని తెలిసినట్టు ఒకటి. న్యూజెర్సీ నుంచి అన్నయ్య వీడియో కాల్‌లో "నేనొచ్చేదాకా ఏదీ తీయనివ్వకండి" అంటున్నాడు. వాడి బాధ వాడిది. టికెట్ దొరికి వచ్చేసరికి ఎన్నాళ్ళో. మళ్ళీ మళ్ళీ అదే మాట అంటుంటే అక్క ఫోను బావకిచ్చేసి కవరులోని కళ్ళజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

చివరికి పెద్ద డాక్టరు పక్కకి పిలిచి, లోగొంతుకతో, "ఇంటికి తీసుకెళ్ళడమే మంచిదమ్మా" అన్నాడు. తీసుకెళతామంటే కౌంటర్లో ఇంకో కాగితం ఇచ్చారు. వైద్యుల సలహాకి విరుద్ధంగా, మా ఇష్టపూర్వకంగా రోగిని తీసుకెళుతున్నాం అని అచ్చయి ఉంది. సలహా ఇచ్చినాయన గదిలోనే ఉన్నాడు, ఆ సలహాకి విరుద్ధమంటూ కాగితం అక్క చేతిలో ఉంది. ఆయన్నీ నేను తప్పుపట్టను. పద్ధతి ప్రకారం వైద్యం ఆపాలంటే బోర్డులు కూర్చోవాలి, కాగితాలు నడవాలి, రేపు ఎవరైనా కేసు పెడితే ఎవరూ వెనక నిలబడరు. అందుకే మన దేశంలో ఈ నిర్ణయాలు చాలావరకు కౌంటరు దగ్గర ఈ అచ్చుకాగితం మీదే అయిపోతుంటాయి. డబ్బు నిండుకున్నవాళ్ళవి ఇంకా తొందరగా అవుతాయి.

అంబులెన్స్ కుర్రాడు ఊపిరందించే అంబు బ్యాగు నొక్కుతూ తీసుకొచ్చాడు. హాల్లో చాప పరిచి పడుకోబెట్టాం. అక్క తులసి నీళ్ళతో పెదాలు తడిపింది. మర్నాడు తెల్లారుజామున పోయింది.

కొన్నాళ్ళకి ఇన్సూరెన్స్ పనిమీద ఆ ఫైలు నా చేతికొచ్చింది. తిరగేస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ కాగితాల ప్రకారం మా పెద్దమ్మ చనిపోలేదు. ఫలానా తేదీన, ఫలానా టైముకి, బంధువుల కోరిక మీద వెళ్ళిపోయింది. అంతే. ఆస్పత్రికి తెలిసినంతవరకు ఆవిడ సోఫా పదమూడుతో నడిచి, సారీ, అంబులెన్సులో ఇంటికెళ్ళిన మనిషి.

యంత్రానికి మనం తినిపించేది ఈ ఫైళ్ళనే. ఎవరు బతికారో ఎవరు పోయారో పాత రికార్డుల్లోంచి నేర్చుకుని అది కొత్త రోగికి జోస్యం చెబుతుంది. ఆస్పత్రిలో పోయినవాళ్ళే పోయినట్టని లెక్క కడితే, డబ్బు చాలక ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళంతా దాని దృష్టిలో బతికి బట్టకట్టినవాళ్ళే. ఇంటికెళ్ళినవాళ్ళని కూడా పోయినవాళ్ళలో కలిపితే అది ఇంకో రకం తప్పు. వైద్యం ఆపేయడం వల్ల పోయినవాణ్ణి చూసి, ఈ రకం రోగులు ఎలాగూ పోతారని నేర్చుకుంటుంది. రేపు అలాంటివాడే వస్తే ఆశ లేదంటుంది. ఆశ లేదన్నారని వైద్యం ఆపుతారు, అతనూ పోతాడు, యంత్రం లెక్క మళ్ళీ నిజమవుతుంది.

నేనేదో ఊహించి భయపెట్టడం లేదు. అమెరికాలో నిమోనియా రోగుల్లో ఎవరికి ప్రమాదం ఎక్కువో చెప్పమంటే ఒక యంత్రం, ఉబ్బసం ఉన్నవాళ్ళకి చావు ముప్పు తక్కువ అంది. 2015లో రిచ్ కరువానా అనే శాస్త్రవేత్త బృందం దీని గురించి వివరంగా రాసింది. ఉబ్బసం ఉన్నవాడికి నిమోనియా వస్తే డాక్టర్లు హడలిపోయి తిన్నగా ఐసియూకి పంపేవారు. ఆ శ్రద్ధ వల్ల బతికారు. యంత్రం శ్రద్ధని చూడలేదు, బతికారన్నదే చూసింది. దాని మాట వినుంటే ఉబ్బసం రోగుల్ని ఇంటికి పంపేవాళ్ళు. అక్కడ రికార్డులు మనకంటే ఎంతో పొందికగా ఉంటాయి, అయినా ఇదీ సంగతి. మా పెద్దమ్మ ఫైలు నేర్పే పాఠం ఎలా ఉంటుందో మీరే ఆలోచించుకోండి.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. మనుషులు మాత్రం ఏమంత సరిగ్గా చెబుతున్నారు? స్పృహలో లేని రోగికి ఏ వైద్యం ఇష్టమో బంధువుల్ని అడిగితే మూడింట ఒక వంతు సార్లు తప్పు చెబుతున్నారని 2006లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి తేల్చారు. సరైనది 68 శాతం. భార్యాభర్తలైనా, కన్నబిడ్డలైనా అంతే. కాబట్టి మనిషి రాసిన ఉత్తరాలూ మెయిళ్ళూ, పెట్టిన పోస్టులూ, పాత చికిత్సల వివరాలూ పోగుచేసి, అతని తరఫున మాట్లాడే యంత్రాన్ని తయారుచేయొచ్చని 2024లో కొందరు నీతిశాస్త్ర పండితులు ప్రతిపాదించారు. నిర్ణయం దానిదే అనలేదు, బంధువులకి సాయంగా ఉంటుందన్నారు.

పెద్దమ్మ వాట్సాప్ ఆ యంత్రానికిస్తే ఏం దొరుకుతుంది? శనివారం శనివారం వేంకటేశ్వరస్వామి బొమ్మలు, మెంతులు నానబెట్టి తాగితే షుగరు మాయమన్న వీడియోలు, అందరికీ పంపిన శుభోదయాలు. నవ్వులాటకి అన్నాను గానీ, అసలు చిక్కు అది కాదు. ఎదురింటాయన నెల్లాళ్ళు ఐసియూలో ఉండి పోయినప్పుడు పెద్దమ్మ మా అందరి ముందూ, "నన్నిలా గొట్టాలతో సాగనంపకండర్రా" అంది. ఆ ఏడే ఉగాదికి, "మనవరాలి పెళ్ళి చూసిగానీ పోను, యముడొచ్చినా గుమ్మంలో కూర్చోమంటాను" అంది. రెండూ ఆవిడ మాటలే. ఏది నిజమని యంత్రాన్ని అడిగితే రెండింటికీ చెరో అంకె ఇస్తుంది. అక్క ఇంకోటి చెప్పగలదు. మొదటి మాట అన్నాక ఆ రాత్రి పెద్దమ్మ అన్నం తినలేదు. రెండో మాట అన్నప్పుడు పచ్చడి గిన్నె చేతిలో పెట్టుకుని నవ్వుతోంది. అక్క పొరపాటు పడొచ్చు, ఆ మూడింట ఒక వంతులో ఉండొచ్చు. అయినా ఆ తప్పు పెద్దమ్మ పక్కన కూర్చున్న మనిషి చేసిన తప్పవుతుంది.

ఇంకో మాట కూడా వింటున్నాను, దాన్ని తోసేయడం తేలిక కాదు. అక్కలాంటివాళ్ళ మీద ఇంత బరువు ఎందుకు పెట్టాలి? 'కంప్యూటరే చెప్పిందమ్మా, మన చేతిలో ఏముంది' అనుకుంటే రాత్రిళ్ళు నిద్రయినా పడుతుంది కదా. ఇదివరకు 'రాత' అనుకునేవాళ్ళం, ఇప్పుడు కంప్యూటరు రాత. తేడా ఏమిటి?

తేడా ఉంది. తలరాతలో ఎవరికీ వాటా లేదు. కంప్యూటరు రాతకి రాసినవాడున్నాడు, అమ్మినవాడున్నాడు, కొన్నవాడున్నాడు.

ఇక్కడే నాకు కాశ్యపుడు గుర్తొస్తాడు. నన్నయ తెనిగించిన ఆదిపర్వంలోని కథ, చాలామందికి తెలిసిందే. పరీక్షిత్తుకి ఏడు రోజుల్లో తక్షకుడి కాటుతో చావని శాపం. విషం దించగల కాశ్యపుడు అనే బ్రాహ్మణుడు రాజుని బతికించి ధనం తెచ్చుకుందామని బయల్దేరాడు. దారిలో తక్షకుడు ఎదురై, నీ విద్య చూపించమని ఒక మర్రిచెట్టుని కాటేసి బూడిద చేశాడు. కాశ్యపుడు ఆ బూడిదలోంచి చెట్టుని మళ్ళీ లేపాడు. అంత విద్య. అప్పుడు తక్షకుడు బేరం పెట్టాడు. రాజిచ్చేదానికంటే ఎక్కువ నేనిస్తాను, వెనక్కి పో. కాశ్యపుడు దివ్యజ్ఞానంతో చూసుకుంటే రాజుకి ఆయుష్షు తీరిపోయిందని తెలిసింది. ధనం పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లల్ని ఒకటి అడిగేవాణ్ణి. తక్షకుడు ధనం ఇవ్వకపోయినా కాశ్యపుడు వెనక్కి తిరిగేవాడా? ఆయుష్షు తీరిందన్న లెక్క సరైనదే అనుకోండి. ఆ లెక్క డబ్బు సంచి ఎదురుగా ఉన్నప్పుడు వేసింది. సరైన లెక్క కూడా ఆ సంచి పక్కన ఉంటే నమ్మబుద్ధి కాదు.

2023 నవంబరులో అమెరికాలో యునైటెడ్ హెల్త్ అనే బీమా కంపెనీ మీద ఒక దావా పడింది. ఆస్పత్రి నుంచి బయటికొచ్చాక ముసలివాళ్ళకి ఇంకెన్నాళ్ళు సంరక్షణ కావాలో అంచనా వేసే ఒక యంత్రం మాట పట్టుకుని, డాక్టర్లు అవసరమన్నా డబ్బు కట్టడం ఆపేశారన్నది ఆరోపణ. ఆ యంత్రం ఎవరికీ డబ్బు కాదనడానికి వాడేది కాదని కంపెనీ అంటోంది. ఎవరు గెలిచినా నా సందేహం మారదు. ఆయుష్షు లెక్కగట్టే యంత్రం బిల్లు కట్టేవాడి జేబులో ఉండకూడదు. బెడ్డు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూసేవాడి జేబులోనూ ఉండకూడదు. మన దగ్గర ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలయింది. మంచిదే. ఆ పది లక్షలు 'ప్రయోజనం లేని' రోగి మీద ఎందుకని ఏదో ఒక రోజు ఏదో ఒక ఆఫీసులో ఎవరో ఒక సాఫ్ట్‌వేర్‌ని అడగరని నాకు నమ్మకం లేదు.

ఆ కథలో ఇంకొకడున్నాడు. కాశ్యపుడు, తక్షకుడు మాట్లాడుకున్నది నిర్జనమైన అడవిలో. ఎండుకట్టెల కోసం ఆ మర్రిచెట్టెక్కిన ఒక మనిషి చెట్టుతోపాటు బూడిదై, చెట్టుతోపాటే లేచాడు. వాడొచ్చి చెప్పబట్టే ఈ బేరం లోకానికి తెలిసింది. కంపెనీల సర్వర్లలో చెట్టు మీద ఎవరూ ఉండరు. ఏ విషయాలు చూసి, వేటికి ఎంత తూకం వేసి ఆ అంకె వచ్చిందో రోగి ఇంటివాళ్ళకి తెలిసే ఏర్పాటు లేకపోతే ఆ అంకెని ఐసియూ గుమ్మం దాటనివ్వకూడదంటాను.

పరీక్షిత్తు గురించి ఇంకో ముచ్చట. భారతంలో ఆయన శాపం వినగానే ఒంటిస్తంభం మేడ కట్టించుకుని, చుట్టూ వైద్యుల్నీ మంత్రగాళ్ళనీ మందుల్నీ పెట్టుకుని కూర్చుంటాడు. గాలి చొరడానికి వీల్లేనంత కాపలా. చివరికి చావు పండులో పురుగై వచ్చింది. మన ఐసియూని అంతకంటే బాగా వర్ణించినవాళ్ళు లేరు. భాగవతంలో అదే పరీక్షిత్తు గంగ ఒడ్డున కూర్చుని శుకుడి కథలు విన్నాడు. ఒకే మనిషి, ఒకే గడువు. రెండు చోట్లా ఆ గడువు ముందుగా చెప్పింది మాత్రం ఆయనకే. మనమో? రిపోర్టు కొడుక్కి చెబుతాం, అల్లుడికి చెబుతాం, 'నాన్నకి చెప్పకండి, తట్టుకోలేరు' అంటాం. ఆ నాన్న చచ్చేదాకా తనకి గ్యాస్ ట్రబులనే అనుకుంటాడు, అనుకున్నట్టు నటిస్తాడు. యంత్రం అంకె వచ్చాక ఇది ఇంకా దిగజారుతుంది. ఆ అంకె కంప్యూటర్లో పదిమందికి కనిపిస్తుంది, మంచం మీదున్నవాడికి తప్ప.

ఇంత అన్నానని యంత్రాన్నే వద్దంటున్నాననుకోకండి. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు రాబోయే మూడు నుంచి పన్నెండు నెలల్లో పోయే అవకాశమున్న రోగుల్ని పసిగట్టే యంత్రం చేశారు. వైద్యం ఆపడానికి కాదు, నొప్పి తగ్గించే పాలియేటివ్ బృందాన్ని ముందే పంపడానికి. పెన్సిల్వేనియాలో క్యాన్సర్ డాక్టర్లకి ఇలాంటి హెచ్చరికలు పంపితే, రోగులతో కూర్చుని 'మీకేం కావాలి?' అని మాట్లాడటం పెరిగిందని 2020లో తేలింది. ఈ పనికైతే రెండు చేతులా ఆహ్వానం. మనకీ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, రోటరీ వాళ్ళు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ ఉంది, జిల్లాల్లోనూ కేంద్రాలు వచ్చాయి. అక్కడికి జనం ఆఖరి వారంలో వస్తారు. ఆరు నెలలు ముందు రప్పించగలిగితే ఆ యంత్రానికి దణ్ణం పెడతాను. భారత వైద్య పరిశోధన మండలి కూడా 2023లో విడుదల చేసిన నైతిక మార్గదర్శకాల్లో మనిషి పర్యవేక్షణ ఉండి తీరాలంది.

మనిషే ఎందుకు? ఈ ప్రశ్నకి పుస్తకాల్లో చాలా జవాబులున్నాయి. నా జవాబు అక్క వాళ్ళింట్లో దొరికింది. పెద్దమ్మ పోయాక వాళ్ళకి మైల. మైల పేరుతో ఈ సమాజం సాటి మనుషులకి చేసిన అన్యాయం చిన్నది కాదు, ఆ అంటూసొంటూ మీద నాకు గౌరవం లేదు. కానీ ఆ పది రోజులూ చూస్తే ఒకటి తెలిసింది. చావు దగ్గరివాళ్ళని తాకుతుంది, తాకినట్టు ఊరందరికీ తెలుస్తుంది, తాకినవాళ్ళు మామూలు మనుషుల్లా పనులు చేసుకుపోలేరు. అక్క పొద్దున్నే లేచి అలవాటుగా రెండు కాఫీలు కలిపి, రెండోది సింకులో పారబోసేది. ఆ డ్యూటీ డాక్టరు అమ్మాయి ఒకరోజు తనంతట తనే ఫోన్ చేసి, "ఆంటీ, ఎలా ఉన్నారు?" అని అడిగింది. ఆ పిల్లనీ తాకిందన్నమాట. యంత్రం మాత్రం పెద్దమ్మ మంచం ఖాళీ అయిన మరుక్షణం పక్క మంచానికి స్కోరు వేసి ఉంటుంది. దానికి మైల లేదు. ఎవరి చావు ఎవరిని తాకదో వాళ్ళకి ఆ చావు మీద మాట ఉండకూడదు. అది కంప్యూటరైనా, బీమా ఆఫీసరైనా, వీడియోలోంచి శాసించే చుట్టమైనా. మా అన్నయ్య ఇది చదివితే నొచ్చుకుంటాడు. అయినా రాస్తున్నాను.

చట్టానికి కూడా ఈ సంగతి తెలుసనుకుంటాను. బ్రెయిన్ డెత్ అని చెప్పడానికి నలుగురు డాక్టర్లు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి సంతకాలు పెట్టాలి. వైద్యం ఆపాలంటే 2023 సవరణ ప్రకారం చూస్తున్న డాక్టరుతోపాటు అనుభవజ్ఞులు ఇద్దరున్న మొదటి బోర్డు, జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరుండే రెండో బోర్డు, ఇంటివాళ్ళ ఒప్పుదల. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. ఇంతమంది ఎందుకని విసుక్కుంటాం. ఇంతమంది పేర్లూ రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సిన పేర్లు. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఈ బోర్డులు ఎలా నడవాలో ఆదేశాలిచ్చింది. ప్రతి జిల్లాలో, ప్రతి పెద్దాస్పత్రిలో ఈ ఏర్పాటు కాగితం దాటి నడిస్తే, అక్కలాంటివాళ్ళు 'వైద్యుల సలహాకి విరుద్ధంగా' అన్న అబద్ధం కింద సంతకం పెట్టనక్కర్లేదు.

ఆ ఖమ్మం కుర్రాడి ప్రశ్నలో లేని 'అంతకుముందు సంగతి' మాత్రం ప్రభుత్వం రాయదు, యంత్రం రాయలేదు. లివింగ్ విల్లుగా మీరే రాయాలి. పద్దెనిమిదేళ్ళు దాటి, బుద్ధి స్థిమితంగా ఉన్నవాళ్ళెవరైనా రాయొచ్చు. ఎలాంటి పరిస్థితిలో ఏ వైద్యం వద్దో, మీ తరఫున ఎవరు మాట్లాడాలో స్పష్టంగా పెట్టండి. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ ఉంటే చాలు. రాసేముందు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించండి. అమెరికాలో ఉన్నవాళ్ళని వీడియోలో పిలవండి, అప్పుడు పోట్లాడుకోనివ్వండి. మీ చికిత్సలో యంత్రం ఇచ్చిన అంకె ఏదైనా ఉంటే ముందు మీకు చెప్పాలని, మీ బదులు దాన్ని అడగకూడదని కూడా ఒక వాక్యం చేర్చండి. ఏడాది తిరిగేసరికి మనసు మారితే కొట్టేసి కొత్తది రాసుకోండి. చట్టం ఒప్పుకుంటుంది.